పుస్తకం అంచున ఇద్దరమ్మాయిలు



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో, ఆవిడని ఈ ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ టీచరుగారే. బడిలో పాఠం చెప్పింది కొన్నేళ్లే అయినా ఆ పిలుపు ఉండిపోయింది. తరవాత ఇక్కడే దానవాయిపేటలో తన ఇంటి వీధిగదిలో అద్దె పుస్తకాల షాపు నడిపారు. గోడల పొడుగునా చెక్క అరలు, ప్రతి పుస్తకానికీ దళసరి అట్ట బైండింగు, వీపు మీద నల్ల సిరాతో నంబరు. డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారాలు నేను ఆ షాపులో కూర్చునేదాన్ని. నా పని తిరిగొచ్చిన పుస్తకాలు పేజీ పేజీ తిప్పి చూడ్డం. చినిగిన కాయితం అతికించాలి. ఎవరైనా బొమ్మ కత్తిరించుకుంటే రాసిపెట్టాలి. మార్జిన్లలో పెన్సిలు రాతలుంటే రబ్బరుతో చెరపాలి.

ఒక పుస్తకంలో రాతలు మాత్రం చెరపొద్దన్నారు టీచరుగారు. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’. దాన్ని మళ్లీ మళ్లీ తీసుకెళ్లేవాళ్లు ఇద్దరమ్మాయిలు, హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు. అద్దె చెరిసగం వేసుకునేవారు. మార్జిన్లలో రెండు చేతిరాతలు. ఒకటి గుండ్రంగా, నీలం సిరాతో. ఇంకోటి కుడివైపు వాలి, పెన్సిలుతో. కథానాయిక జయంతి కోపగించుకున్న చోట నీలం సిరా ఒక మాట అంటుంది, పెన్సిలు దానికి జవాబు చెబుతుంది. 1976లో ‘సెక్రటరీ’ సినిమా వచ్చింది. ఇద్దరూ కలిసే వెళ్లారు. మర్నాడు షాపుకొచ్చి, నవల మళ్లీ కావాలన్నారు. సినిమా ఎలా ఉందమ్మా అని టీచరుగారు అడిగితే, వాళ్లిద్దరిలో పొట్టిపిల్ల అంది: ‘బానే ఉందండీ. కానీ మన జయంతి కాదండి ఆవిడ.’

ఆ మాట నన్ను నలభై ఎనిమిదేళ్లకు పైగా వెంటాడుతోంది. ‘నా జయంతి’ అనలేదు, ‘మన’ అంది. ఇవాళ నేను తీసుకున్న విషయం ఆ ఒక్క మాటలోంచి వచ్చింది. అమ్మాయిలు అమ్మాయిల్ని ప్రేమించే నవలలు ఇప్పుడు ప్రపంచంలో చాలాచోట్ల టీవీ సీరియళ్లు అవుతున్నాయి. థాయిలాండులో అదొక పెద్ద వ్యాపారం. మన పిల్లలు ఫోన్లలో వాటిని చూస్తున్నారు. నా మనవరాలి వయసు పిల్లలు వాటి గురించి నాకు చెప్పారు. చూశాను. చూస్తున్నంతసేపూ నాకు టీచరుగారి షాపే గుర్తొచ్చింది. పుస్తకంలోని ప్రేమని తెర మీదికి తెచ్చేటప్పుడు ఏం మారుతుంది? కథ ఎంత మారిందో చెప్పడం తేలిక. ఎవరి కళ్లతో చూస్తున్నామన్నది మారడం వెంటనే కనపడదు. నేను చెప్పదలచింది దాని గురించే.

*

తెర పుట్టక ముందు కూడా పుస్తకాలు మారాయి. ఈ ఊళ్లో నిలబడి ఆ సంగతి చెప్పకుండా ముందుకెళ్లడం న్యాయం కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. తాను పెంచిన ఇళాదేవిని రాధే కృష్ణుడికి అప్పగిస్తుంది. మొదటి రాత్రికి ఆ పిల్లని రాధే సిద్ధం చేస్తుంది, ఎలా మసలుకోవాలో రాధే చెబుతుంది. ఆ తరవాత విరహంతోనూ అసూయతోనూ వేగిపోతుంది. చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను బుజ్జగించాలి. ఇది ఇద్దరు స్త్రీల ప్రేమకావ్యమని నేను అనను. కానీ ఒక ఆడది ఇంకో ఆడపిల్ల అందాన్ని, సిగ్గుని, భయాన్ని ఇంత దగ్గరగా, ఇంత మమకారంతో చూసిన కావ్యం తెలుగులో నాకు ఇంకోటి కనపడలేదు.

పంతొమ్మిదో శతాబ్దంలో దాన్ని అచ్చువేసినవారు కొన్ని పద్యాలు తీసేశారు. కవయిత్రి తన అమ్మమ్మ, తల్లి పరంపర చెప్పుకున్న పీఠిక కూడా పోయింది. మన వీరేశలింగం పంతులుగారు, ఈ ఊళ్లో 1881లో వితంతువుకు పెళ్లి చేసి నిలబడిన మనిషి, ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే ఆమె కావ్యాన్ని గట్టిగా నిందించారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని సంపాదించి వావిళ్లవారి ద్వారా అచ్చు వేయించింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగ కవులకి అక్కర్లేదా అని పీఠికలో నేరుగా పంతులుగారినే నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులుగారి హయాంలో నిషేధం పోయింది.

వీరేశలింగం పంతులుగారంటే నాకు భక్తి ఉంది. ఆయన లేకపోతే నాలాంటివాళ్లు ఈ వేదిక ఎక్కేవాళ్లు కాదు. అయినా చెప్పాలి: ఆడదాని చూపుని పుస్తకంలోంచి కత్తిరించే అలవాటు తెర మనకి నేర్పింది కాదు. అదివరకే ఉన్న అలవాటునే తెర అందిపుచ్చుకుంది.

*

ఇక నవలలు. అరవైల్లో, డెబ్భైల్లో మన వారపత్రికల్నీ మాసపత్రికల్నీ రచయిత్రులు నిలబెట్టారు. కోడూరి కౌసల్యాదేవి, యద్దనపూడి, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి. మన పశ్చిమగోదావరి బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ. మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసిన కాలం అది. నిర్మాతలు ఆ నవలల కోసం పోటీ పడ్డారు. ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. ‘వారధి’ 1970లో ‘రెండు కుటుంబాల కథ’ అయింది. 1971లో ‘ప్రేమనగర్’, 1973లో ‘జీవన తరంగాలు’, ‘మీనా’. 1975లో ‘బలిపీఠం’. 1976లో ‘సెక్రటరీ’.

మొదట ఒక చిన్న సంగతి. ఈ నవలలకి మొహాలు ఇచ్చింది సినిమా ఒక్కటే కాదు. పత్రికల్లో సీరియల్ వచ్చేటప్పుడే బొమ్మలుండేవి. మన నరసాపురంలో పుట్టిన బాపుగారు గీసిన అమ్మాయి ఒక తరానికి అందానికి కొలత అయింది. కానీ బొమ్మ కదలదు, మాట్లాడదు. మిగతా అంతా పాఠకురాలే పూరించుకోవాలి. పెద్ద కళ్లు, పొడుగు జడ ఆయన ఇస్తే గొంతు మనం ఇచ్చుకునేవాళ్లం. సినిమా ఆ మిగులు ఉంచలేదు. తెర మీద జయంతి అయిన వాణిశ్రీగారి కొప్పు, వాణిశ్రీగారి జాకెట్టు ఊరూరా దిగాయి. పాలకొల్లు దర్జీలకి కూడా ఆ కొలతలు నోటికొచ్చు. అందులో ఆనందం లేదనను. మేమూ కుట్టించుకున్నాం. కానీ జయంతి అనగానే ఎవరి జయంతి వాళ్లకి ఉండే రోజులు అక్కడితో అయిపోయాయి.

‘సెక్రటరీ’ అరవైల్లో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. డబ్బున్న ఆఫీసు యజమాని, ఆత్మాభిమానం ఉన్న ఉద్యోగిని. రాజశేఖరం గురించి మనకి తెలిసేది చాలావరకు జయంతి చూసినంత, అనుమానించినంత. అతని మంచితనాన్ని కూడా ఆమె సందేహంలోంచే చూస్తాం. నవల బలం అక్కడుంది: ఆమె తప్పుగా అర్థం చేసుకుంటోందని మనకి లోపల తెలుస్తూ ఉంటుంది, అయినా మన మనసు ఆమె పక్షానే ఉంటుంది. చూసేది ఆమె. అతను చూడబడేవాడు. ఆరడుగుల మనిషి కారు దిగుతుంటే అరుగు మీంచి ఒక ఆడపిల్ల తీరిగ్గా, ఎవరూ మందలించకుండా చూడగల చోటు ఆ రోజుల్లో నవల ఒక్కటే. వీధిలో అలా చూస్తే ఊరుకునేవాళ్లా?

సినిమాలో అక్కినేని నాగేశ్వరరావుగారు రాజశేఖరం. 1923లో పుట్టినవారు, అప్పటికి యాభై దాటారు. ఆయన మహానటులు, అందులో నాకు వాదన లేదు. కానీ ఆయన తెర మీదికి రాగానే హాల్లో చప్పట్లు, ఈలలు. కెమెరా ఆయన వస్తున్నాడని ముందే చెప్పేస్తుంది. జయంతి అనుమానంలో మనం ఒక్క నిమిషం కూడా ఉండలేం, ఎందుకంటే నాగేశ్వరరావుగారు చెడ్డవాడు అవడని హాల్లో పసిపిల్లకి కూడా తెలుసు. కథలో ఏ సంఘటనా మారకపోయినా నవల అక్కడే మారిపోయింది. సందేహించే ఆడపిల్ల, అలిగే హీరోయిన్ అయింది. పొట్టిపిల్ల ‘మన జయంతి కాదు’ అన్నది ఇందుకేనని నేను చాలా ఏళ్ల తరవాత అర్థం చేసుకున్నాను.

‘ప్రేమనగర్’ గతి ఇంకాస్త స్పష్టం. తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో ‘వసంత మాళిగై’గా శివాజీ గణేశన్, హిందీలో రాజేష్ ఖన్నా. మూడు భాషల్లోనూ జనానికి గుర్తుండిపోయింది ఆ తాగుబోతు జమీందారు గుండె. ఆ మేడని ఊహించి కట్టిన రచయిత్రి పేరు అడిగితే తమిళ, హిందీ ప్రేక్షకుల్లో ఎందరు చెప్పగలరు?

‘మీనా’ సంగతి వేరు, అందుకే అక్కడ ఆగాలి. 1973లో దాన్ని తీసింది విజయనిర్మలగారు. తెలుగులో దర్శకురాలిగా ఆమె తొలి చిత్రం, మీనా కూడా ఆమే. నవల ఆడమనిషిది, దర్శకత్వం ఆడమనిషిది, బొమ్మకి పేరు ఆడపిల్లది. 2016లో ‘అ ఆ’ వచ్చినప్పుడు మన ఇళ్లలో నవల చదివిన పెద్దవాళ్లందరూ మొదటి అరగంటలోనే మీనాని గుర్తుపట్టారు. ఆ పేరుని విప్పితే అనసూయా రామలింగం, ఆనంద్ విహారి అని ఇద్దరు. నలభై మూడేళ్లలో అట్ట మీద ఉన్న ఒక్క ఆడపేరు పక్కన మగపేరు చేరింది. చిన్న మార్పే. నాకు మాత్రం ఒక కాలాన్ని కొలిచే గీటులా కనిపిస్తుంది.

టీవీ గురించి కూడా ఒక మాట. తొంభైల చివర దూరదర్శన్‌లో మంజులా నాయుడుగారి ‘ఋతురాగాలు’, యద్దనపూడి కథతోనే, రోజూ వచ్చేది. ఆ వేళకి వీధులు ఖాళీ. సినిమా నవలని రెండున్నర గంటలకి కుదిస్తే, సీరియల్ దాన్ని సాగదీసింది. సాగదీసేటప్పుడు కావలసినవి మనుషులు: అత్తలు, ఆడబిడ్డలు, పెదనాన్నలు. నవలలో గది తలుపేసుకుని ఏడ్చుకున్న అమ్మాయి, సీరియల్లో పదిమంది ఎదుట ఏడవాలి. లేకపోతే ఏడుస్తోందని తెలియదు. టీవీ ఉండేది హాల్లో కదా, ఇంటిల్లిపాదీ చూసే చోట. అక్కడ జరిగే ప్రేమ కూడా ఇంటిల్లిపాదికీ సంబంధించినదే అయి తీరాలి. ఈ మాట గుర్తుంచుకోండి, థాయిలాండు వెళ్లాక మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

*

దారిలో ఒకటి రెండు మజిలీలు. 1952లో అమెరికాలో ‘ద ప్రైస్ ఆఫ్ సాల్ట్’ అని ఒక నవల వచ్చింది. పెద్ద దుకాణంలో బొమ్మల విభాగంలో పనిచేసే థెరీస్, కొనడానికొచ్చిన కారొల్ అనే ఇల్లాలు. రాసిన ప్యాట్రీషియా హైస్మిత్ తన పేరు పెట్టుకోలేక క్లెయిర్ మోర్గన్ అనే దొంగపేరు పెట్టుకుంది. తనదేనని ఒప్పుకున్నది 1990లో, ‘కారొల్’ అన్న పేరుతో మళ్లీ అచ్చయినప్పుడు. ఆ నవల ఆసాంతం థెరీస్ కళ్లతోనే సాగుతుంది. కారొల్ ఇంట్లో, లాయర్ల దగ్గర ఏం జరుగుతోందో థెరీస్‌కి తెలిసినంతే మనకి తెలుస్తుంది. ప్రేమించినవాళ్లకి అవతలి మనిషి ఎప్పుడూ సగం చీకటే కదా. 2015లో సినిమా తీసినప్పుడు కారొల్ జీవితాన్ని, ఆమె బిడ్డ కోసం పడ్డ యాతనని విడిగా చూపించారు. సినిమా గొప్పగా ఉంది. కానీ ఆ సగం చీకటి పోయింది. నవలలో రంగస్థలానికి సెట్లు వేయాలనుకునే థెరీస్, సినిమాలో ఫోటోలు తీసే అమ్మాయి. ఎందుకు మార్చారో ఊహించగలను: చూపు ఆమెదని చెప్పడానికి పుస్తకానికి వాక్యం చాలు, తెర ఆమె చేతికి కెమెరా ఇవ్వాల్సి వచ్చింది. పోగొట్టుకున్నదాన్ని ఇంకో దారిలో తెచ్చుకోవాలన్న తపన అది. అలాంటి మార్పుకి నేను నమస్కారం పెడతాను.

సారా వాటర్స్ ‘ఫింగర్‌స్మిత్’ 2002 నాటిది. ఇద్దరమ్మాయిలు చెరో భాగం తమ నోటితో చెబుతారు. ఒకరు చెప్పింది ఇంకొకరు తిరగేస్తారు. 2005లో బీబీసీ టీవీకి తీసింది. 2016లో పార్క్ చాన్ వుక్ కథని జపాను పాలనలోని కొరియాకి మార్చి ‘ద హ్యాండ్‌మెయిడెన్’ తీశాడు. దేశం, భాష, చివరి మలుపులు అన్నీ మారాయి. కానీ ఒకసారి ఆమె వైపు నుంచి, ఒకసారి ఈమె వైపు నుంచి చూసే కట్టుబడి నిలిచింది. ఊరు మారితే నవల చావదని నాకు దాన్ని చూశాక అనిపించింది.

మన దేశంలో ఇస్మత్ చుగ్తాయ్ ‘లిహాఫ్’ 1942లో వచ్చింది. ఒక చిన్నపిల్ల రాత్రివేళ గోడ మీద రజాయి నీడ ఊగడం చూస్తుంది. అంతే చెబుతుంది. రచయిత్రి లాహోరు కోర్టు మెట్లెక్కింది. 1998లో దీపా మెహతా ‘ఫైర్’ ఆడుతున్న హాళ్ల మీద దాడులు జరిగాయి. మలయాళంలో వి.టి. నందకుమార్ 1974లో రాసిన ‘రండు పెణ్‌కుట్టికళ్’ 1978లోనే సినిమా అయింది. మన పొరుగునే, మనం ‘సెక్రటరీ’ చూస్తున్న రోజుల్లోనే. మనకి ఆ కబురు అందలేదు.

*

ఇప్పుడు థాయిలాండు. అక్కడ ఈ కథల్ని ఇంగ్లీషు మాటలతో జీఎల్ అంటారు, గర్ల్స్ లవ్. జపానులో వీటికి వందేళ్ల వంశం ఉంది. యోషియా నొబుకో అనే రచయిత్రి 1916 నుంచి బాలికల పత్రికలో స్కూలు అమ్మాయిల అనురాగాల కథలు రాసింది. వాటిని అక్కడి అమ్మాయిలు, మనవాళ్లు జ్యోతి కోసం, యువ కోసం ఎదురుచూసినట్టే ఎదురుచూసి చదివారు. థాయిలో ‘చావ్ ప్లానాయ్’ అనే కలంపేరుతో ఒక రచయిత్రి రాసిన ‘గ్యాప్’, థాయి పేరుకి అర్థం గులాబీరంగు సిద్ధాంతం, 2022 నవంబరులో టీవీ సీరీస్‌గా మొదలైంది. పన్నెండు భాగాలు. అక్కడి చానెల్ 3లోనూ, యూట్యూబులోనూ వచ్చింది. థాయిలాండులో ఇద్దరమ్మాయిల ప్రేమ ప్రధాన కథగా వచ్చిన మొదటి సీరీస్‌గా దాన్నే చెబుతారు.

కథ వినండి. మోన్ అనే మామూలింటి అమ్మాయి ఒక కంపెనీలో చేరుతుంది. యజమాని సామ్, రాచవంశం, మాట కటువు, మొహంలో నవ్వు ఉండదు. ఆమెంటే మోన్‌కి చిన్నప్పట్నుంచీ ఆరాధన. ఆఫీసు గది, పొగరున్న యజమాని, ఆత్మాభిమానం ఉన్న ఉద్యోగిని, అపార్థాలు, అంతస్తుల తేడా. నాకు ఒళ్లు జలదరించింది. ఇది ‘సెక్రటరీ’ అచ్చే కదా! రాజశేఖరం కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుంది, అంతే. యద్దనపూడిగారు చదివి ఉంటే ఏమనేవారో! 2018లో ఆవిడ పోయారు. ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ మిగల్లేదు.

మరి ఇక్కడ తెర ఏం మార్చింది? మన నవలల విషయంలో చేసినట్టు కథని హీరో చేతికి ఇద్దామంటే హీరో లేడు. అప్పుడు తెర ఇంకో ఇద్దరి చేతికి ఇచ్చింది.

మొదటిది కుటుంబం. సామ్ బామ్మ రాచరికపు పట్టుదల మనిషి. ఆమె ఒప్పుకోదు. కథలో పెద్ద యుద్ధం అక్కడే. బామ్మ ఎదురుగా నిలబడడం, బామ్మ కరగడం, చివరికి పెళ్లి. నేనిందాక ‘ఋతురాగాలు’ దగ్గర చెప్పిన మాట ఇదే: హాల్లో పెట్టిన టీవీలో ప్రేమ ఇంటిల్లిపాదికీ సంబంధించినది అవుతుంది. మన సీరియళ్లలో దాన్ని చూసి నేను విసుక్కున్నాను. పుస్తకంలో ఆ పిల్ల ఒంటరిగా అనుభవించిన బాధని పదిమందిలో పెట్టి పలచన చేశారని వ్యాసాలు రాశాను. ‘గ్యాప్’ ఆఖరి భాగం చూశాక ఆ అభిప్రాయంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. 2023 ఫిబ్రవరిలో ఆ ఇద్దరమ్మాయిలకి తెర మీద పెళ్లయింది. థాయిలాండులో అలాంటి పెళ్లిని గుర్తించే చట్టం అమల్లోకి వచ్చింది 2025 జనవరి 23న. దాదాపు రెండేళ్లు ముందుగా టీవీ ఆ పెళ్లిని ఇళ్లలోకి తీసుకొచ్చి, బామ్మల చేత అక్షింతలు వేయించింది. చదువుకునే గదిలో ఒంటరిగా ఉన్న ప్రేమకి ఆ పని చేతకాదు. దానికి బామ్మ కావాలి, గొడవ కావాలి, శుభం కార్డు కావాలి.

రెండోది, నటించిన అమ్మాయిలు. ఫ్రీన్, బెక్కీ అని ఇద్దరు. అక్కడి పరిశ్రమలో నటుల్ని జంటగానే తయారుచేస్తారు. ఒక సీరీస్ అయ్యాక అదే జంట ఇంకో సీరీస్‌లో, ప్రకటనల్లో, అభిమానుల సభల్లో. వాళ్లు నిజంగా ప్రేమికులా కాదా అని జనం ఊహించుకుంటూ ఉండడమే దాని ఇంధనం. పాత్రల పేర్లు వెనక్కిపోతాయి. కథ మధ్యలోనే సబ్బో, పానీయమో తీసి చూపిస్తారు. పుస్తకంలో మోన్ ఎవరి సొత్తూ కాదు. తెర మీద ఆమెకి ఒక మొహం, ఆ మొహానికి ఒక ఒప్పందం, ఆ ఒప్పందానికి ఒక ధర. వాణిశ్రీగారి కొప్పు దగ్గర మొదలైన దారి ఇంతదూరం వచ్చింది. నాకు బాధ కలిగించేది ఇదే. నటించే ఆ ఇద్దరమ్మాయిల నిజజీవితాన్ని, చిరునవ్వుని, పక్కపక్కన నిలబడే దూరాన్ని కూడా కథలో భాగంగా అమ్మితే, వాళ్లు ఎవరినైనా ప్రేమించడానికి వాళ్లకంటూ మిగిలే చోటెక్కడ?

అయినా ఆ సీరీస్ చూసిన అమ్మాయిల్ని కొట్టిపారేయడానికి నేను ఒప్పుకోను. ఒక పిల్ల నాతో అంది: ‘అమ్మమ్మగారూ, నవలైతే నేనొక్కదాన్నే చదువుకోవాలి. ఇదైతే మా అమ్మ పక్కన కూర్చుని చూశాను. ఏమీ అనలేదు. మధ్యలో వెళ్లి టీ పెట్టుకొచ్చింది.’ ఆ టీ విలువ నాకు తెలుసు.

*

తెలుగు సంగతి చెప్పి ముగిస్తాను.

2018 ఫిబ్రవరిలో ‘అ!’ వచ్చింది. దర్శకుడు ప్రశాంత్ వర్మ మన పాలకొల్లు అబ్బాయి. అందులో రాధ తన తల్లిదండ్రులకి ప్రేమించిన మనిషిని పరిచయం చేస్తుంది. క్రిష్ అంటే అబ్బాయి అనుకుని వచ్చినవాళ్ల ముందు ఒక అమ్మాయి కూర్చుంటుంది. ఈషా రెబ్బా, నిత్యా మేనన్. రాధ, క్రిష్! ముద్దుపళని తరవాత రెండున్నర శతాబ్దాలకి ఆ రెండు పేర్లు ఇలా కలిశాయి. హేళన లేకుండా, మర్యాదగా తీశారు. అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షను మీద తీర్పిచ్చి, ఇలాంటి ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమంది.

‘అ!’లో నన్ను కలతపెట్టింది ముగింపు. సినిమాలో కనిపించిన మనుషులందరూ ఒకే ఒక అమ్మాయి మనసులోని ముక్కలని చివర్లో తేలుతుంది. రాధ లేదు, క్రిష్ లేదు. దర్శకుడి ఎత్తుగడ తెలివైనదే. కానీ తెలుగు తెర మీద అంత గౌరవంగా కూర్చున్న ఇద్దరమ్మాయిల్ని, కుర్చీలు ఖాళీ చేయించి పంపేసినట్టు అనిపించింది నాకు.

దానికి మూలం నవల కాదు. నా దిగులు అదే. హైస్మిత్‌ని మార్చారని అమెరికాలో వాదించుకోవచ్చు, వాటర్స్‌ని మార్చారని ఇంగ్లండులో వాదించుకోవచ్చు. మనకి మార్చడానికి పుస్తకం ఏది? ఓల్గాగారు ‘విముక్త’లో సీతనీ శూర్పణఖనీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. పురుషుడి చుట్టూ పగవాళ్లయిన ఇద్దరు ఆడవాళ్లు తోటలో కలిసి మాట్లాడుకుంటారు. అది స్నేహం. తెలుగు కథలో ఆడవాళ్ల మధ్య అంత చోటు దొరకడమే పెద్ద సంగతి. ఆ చోటులో ‘సెక్రటరీ’ అంత బొద్దుగా, అంత మామూలుగా, వారం వారం తరవాయి భాగం కోసం గుండె కొట్టుకునేలా ఇద్దరమ్మాయిల ప్రేమనవల ఒకటి ఉండాలి. సిద్ధాంతం చెప్పే నవల అక్కర్లేదు. బస్సు తప్పిపోవడం, చీర అరువడగడం, పరీక్ష ఫీజు కట్టలేకపోవడం, లంక దాటే పంటు మీద ఒకే గొడుగు కింద నిలబడడం ఉండే నవల. అది వచ్చాక టీవీవాళ్లు దాన్ని ఎలాగూ మారుస్తారు. బామ్మని పెడతారు, పెళ్లి పెడతారు, సబ్బు పెడతారు. అప్పుడు మనమూ కూర్చుని కొట్లాడుకోవచ్చు, ‘మన జయంతి కాదు’ అని.

ఆ ఇద్దరమ్మాయిల మధ్య ఏముందో నాకు తెలియదు. టీచరుగారికి తెలుసేమో, ఎప్పుడూ చెప్పలేదు. నేను దానికి ఏ పేరూ పెట్టబోవడం లేదు. డిగ్రీ అయ్యాక వాళ్లు వెళ్లిపోయారు. ఒకరికి కోనసీమలో పెళ్లయిందని విన్నాం. ఇంకొకరి కబురు రాలేదు. తెలిసిందల్లా ఒకటే: ఒక మగాడు, ఒక ఆడది ప్రేమించుకునే నవల అంచుల్లో, రెండు చేతిరాతల మధ్య ఇంకో కథ నడిచింది. దాన్ని ఏ దర్శకుడూ తీయలేదు, ఎందుకంటే అది అచ్చులో లేదు.

షాపు మూసేసినప్పుడు టీచరుగారు పుస్తకాలన్నీ పంచేశారు. ఆ ‘సెక్రటరీ’ మాత్రం నా చేతిలో పెట్టారు. ఇవాళ తెచ్చాను, ఇదిగో. సభ అయ్యాక బల్ల మీద ఉంచుతాను, చూడండి. సగానికి పైగా వచ్చాక ఒక పేజీ దగ్గర చిన్న మడత ఉంటుంది. అక్కడ కుడివైపు వాలిన పెన్సిలు రాత ఉంది, కొంచెం చెరిగింది, వెలుతురుకి ఎత్తి చూస్తే కనబడుతుంది: ‘ఇక్కడితో ఆపు. మిగతాది నేనొచ్చాక కలిసి చదువుదాం.’ దాని కింద నీలం సిరాతో, గుండ్రంగా: ‘ఆపాను.’